అబెబె బికిలా

అబెబె బికిలా (ఆగష్టు 7, 1932 - అక్టోబరు 25, 1973) ఇథియోపియా దేశానికి చెందిన ప్రఖ్యాత మారథాన్ పరుగువీరుడు. 1960లో రోమ్ నగరంలోను, 1964లో టోక్యో నగరంలోను జరిగిన ఒలింపిక్ క్రీడలలో మారథాన్ స్వర్ణపతకాలను గెలుచుకొని, ఒలింపిక్ మారథాన్‌ను రెండుసార్లు గెలిచిన మొట్టమొదటి క్రీడాకారుడిగా చరిత్రకెక్కాడు. రెండుసార్లూ అంతవరకు ప్రపంచంలో నమోదైన అత్యుత్తమ సమయాన్ని అధిగమించాడు. రోమ్‌లో పాదరక్షలు లేకుండా ఉత్తకాళ్ళతోను, టోక్యోలో బూట్లు ధరించి పరుగెత్తడం వలన, పరుగులో బూట్ల పాత్ర ఎంత అనే చర్చ వచ్చినప్పుడల్లా ఇతని పేరు ప్రస్తావనకు వస్తుంది. ఇథియోపియా ఆచారం ప్రకారం వ్యక్తిని మొదటి పేరుతోనే వ్యవహరిస్తారు కనుక ఈ వ్యాసంలో అబెబె అనే పేరు వాడబడినది.

బాల్యం, తొలి జీవితం

అబెబె ఇథియోపియాలోని షెవా ప్రాంతంలో జాటో అనే గ్రామంలో 1932 ఆగష్టు 7న జన్మించాడు. లాస్ ఏంజిలస్ ఒలింపిక్ క్రీడలలో మారథాన్ జరిగినది కూడా అదే రోజు కావడం విశేషం. తల్లి పేరు వుదినేష్ బెనెబెరు. అబెబె మూడేళ్ళ పసివాడుగా ఉన్నప్పుడు, 1935లో ముస్సోలినీ పాలనలోని ఇటలీ సేనలు ఇథియోపియాపై దండెత్తాయి. యుద్ధకాలంలో ఇతని కుటుంబం సొంత ఊరు విడిచి మరొక చోట తలదాచుకోవలసి వచ్చింది. ఇటలీ ఆక్రమణ 1941 వరకు కొనసాగింది. పాతికేళ్ళ తరువాత రోమ్ వీధులలో అబెబె సాధించిన విజయానికి ఇథియోపియా ప్రజలు అంత ప్రాధాన్యం ఇవ్వడానికి ఈ చరిత్రే కారణం.

1950ల తొలినాళ్ళలో అబెబె రాజధాని అడిస్ అబాబాకు వచ్చి చక్రవర్తి హైలీ సెలాసీ అంగరక్షక దళంలో సిపాయిగా చేరాడు. అడిస్ అబాబా సముద్రమట్టానికి 2,300 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న నగరం. నగరానికి ఉత్తరాన ఉన్న సులుల్తా కొండప్రాంతానికి, నగరానికి మధ్య రోజూ పరుగెత్తడం ఇతనికి అలవాటయింది. ప్రాణవాయువు పలుచగా ఉండే అంత ఎత్తులో ఏళ్ళ తరబడి పరుగెత్తడం వలన ఇతని శరీరం దూరపు పరుగుకు బాగా అలవాటుపడింది.

శిక్షణ

ఇథియోపియా ప్రభుత్వం నియమించిన స్వీడన్ దేశీయుడు ఒన్ని నిస్కానెన్ అంగరక్షక దళంలోని క్రీడాకారులకు శిక్షణ ఇచ్చేవాడు. అబెబెలోని ప్రతిభను గుర్తించి అతనిని మారథాన్‌కు సిద్ధం చేసినది ఇతడే. దూరపు పరుగుతో పాటు, నిర్ణీత దూరాలను వేగంగా పరుగెత్తి మధ్యలో విరామం తీసుకొనే పద్ధతిని కూడా శిక్షణలో చేర్చాడు. అబెబె కొన్నిసార్లు బూట్లతోను, కొన్నిసార్లు ఉత్తకాళ్ళతోను సాధన చేసేవాడు. చిన్ననాటి నుండి చెప్పులు లేకుండా తిరిగిన అలవాటు వలన ఇతని అరికాళ్ళు గట్టిపడి ఉండేవి.

1960 ఆగష్టులో అడిస్ అబాబాలో జరిగిన పరుగును అబెబె 2 గంటల 21 నిమిషాల 35 సెకన్లలో ముగించాడు. 1952లో హెల్సింకీలో ఎమిల్ జటోపెక్ నెలకొల్పిన ఒలింపిక్ రికార్డు (2:23:03) కంటే ఇది మెరుగైన సమయం. అది కూడా అంత ఎత్తైన ప్రదేశంలో సాధించినది. అయినప్పటికీ ఇథియోపియా వెలుపల ఇతని పేరు దాదాపుగా ఎవరికీ తెలియదు.

రోమ్ ఒలింపిక్స్ (1960)

బూట్ల సమస్య

రోమ్‌లో అబెబె ఉత్తకాళ్ళతో పరుగెత్తడానికి గల కారణంపై రెండు కథనాలు ప్రచారంలో ఉన్నాయి. అక్కడ కొన్న కొత్త బూట్లు సరిగా పట్టక కాళ్ళు బొబ్బలెక్కాయన్నది మొదటిది. క్రీడాకారులకు బూట్లు సమకూర్చిన అడిడాస్ సంస్థ వద్ద అప్పటికి మిగిలిన జతలలో ఇతని పాదాలకు సరిపోయినవి లేవన్నది రెండవది. రెండు కథనాలలోనూ ఉమ్మడి విషయం ఒక్కటే. అబెబెకు బూట్లంటే వ్యతిరేకత లేదు. సరిపడని బూట్లతో 42.195 కిలోమీటర్లు పరుగెత్తడం కంటే, సాధనలో అలవాటైన ఉత్తకాళ్ళ పరుగే క్షేమమని నిర్ణయం జరిగింది. పేదరికం వలన బూట్లు కొనలేకపోయాడని తరువాతి కాలంలో వ్యాపించిన కథ సరైనది కాదు.

పరుగు

1960 సెప్టెంబరు 10 సాయంకాలం పరుగు ప్రారంభమయింది. ఎండవేడిమిని తప్పించడానికి పోటీని సాయంత్రానికి మార్చారు. మొదలు, ముగింపు రెండూ స్టేడియం వెలుపల జరిగిన తొలి ఒలింపిక్ మారథాన్ ఇదే. కాపిటోలిన్ కొండ మెట్ల వద్ద మొదలైన పరుగు, కొలోసియం ప్రక్కనున్న కాన్‌స్టంటైన్ విజయతోరణం వద్ద ముగిసింది. మార్గంలో కొంత భాగం ప్రాచీన రోమన్లు నిర్మించిన అప్పియన్ దారి మీదుగా సాగింది. చీకటి పడిన తరువాత ఇటలీ సైనికులు కాగడాలు పట్టుకొని దారికి వెలుగు చూపించారు.

మొరాకోకు చెందిన రాది బెన్ అబ్దెస్సలామ్‌ను గమనిస్తూ ఉండాలని అబెబెకు ముందే సూచన అందింది. అతడు 26వ సంఖ్య ధరిస్తాడని అనుకోగా, నిజానికి 185 సంఖ్యతో బరిలోకి దిగాడు. అబెబె ప్రక్కనే పరుగెడుతున్న 185 సంఖ్య గల వ్యక్తే రాది అని తెలియక, 26 సంఖ్య కోసం ముందు వెదుకుతూ సాగాడు. సగం దూరం రాకముందే వీరిద్దరూ మిగతావారిని వెనుకకు నెట్టి, చివరి అర కిలోమీటరు వరకు జంటగానే పరుగెత్తారు.

ముగింపుకు దగ్గరలో పోర్టా కాపెనా కూడలి ఉంది. ఇటలీ సేనలు ఇథియోపియా నుండి తరలించుకొని వచ్చి 1937లో ప్రతిష్ఠించిన అక్సుమ్ శిలాస్తంభం అప్పట్లో ఆ కూడలిలో ఉండేది. ఆ స్తంభాన్ని సమీపిస్తుండగా అబెబె వేగం పెంచి రాదిని వెనుకకు వదిలివేశాడు. 2 గంటల 15 నిమిషాల 16.2 సెకన్లలో గమ్యం చేరి, రాది కంటే 25 సెకన్లు ముందు నిలిచాడు. సోవియట్ యూనియన్‌కు చెందిన సెర్గీ పొపోవ్ పేరిట ఉన్న ప్రపంచ అత్యుత్తమ సమయాన్ని (2:15:17) సెకనులోపు తేడాతో దాటాడు. న్యూజీలాండ్‌కు చెందిన బారీ మాగీ మూడవ స్థానం పొందాడు. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల నుండి వచ్చిన నల్లజాతి క్రీడాకారులలో ఒలింపిక్ స్వర్ణపతకం గెలిచిన మొదటి వ్యక్తి అబెబె. అనేక ఆఫ్రికా దేశాలు స్వాతంత్ర్యం పొందిన సంవత్సరం కావడం వలన ఈ విజయం ఆ ఖండమంతటా ఉత్సాహాన్ని నింపింది. ఆ శిలాస్తంభాన్ని ఇటలీ 2005లో ఇథియోపియాకు తిరిగి ఇచ్చివేయగా, 2008లో అక్సుమ్‌లో దానిని తిరిగి నిలబెట్టారు.

1960 - 1963

1960 డిసెంబరులో అంగరక్షక దళ అధిపతి మెంగిస్తు నెవాయ్ చక్రవర్తిపై తిరుగుబాటు జరిపి విఫలుడయ్యాడు. ఆ దళానికి చెందినవాడు కావడం వలన అబెబె కూడా నిర్బంధంలోకి తీసుకొనబడ్డాడు. కుట్రతో సంబంధం లేదని తేలిన తరువాత విడుదలయ్యాడు.

1961లో అబెబె ఏథెన్స్, ఒసాకా, కోషిత్సె నగరాలలో జరిగిన మారథాన్లను గెలిచాడు. ఏథెన్స్‌లో ఉత్తకాళ్ళతోనే పరుగెత్తాడు. ఒసాకాలో జపాన్ బూట్ల తయారీదారు కిహాచిరో ఒనిట్సుకా తమ టైగర్ బూట్లను వాడవలసిందిగా ఇతనిని కోరాడు. అప్పటి ఔత్సాహిక క్రీడా నియమాల ప్రకారం క్రీడాకారులు వ్యాపార సంస్థల నుండి సొమ్ము తీసుకోరాదు. అయినా ఉత్తకాళ్ళతో గెలిచిన విజేతకు తమ బూట్లు తొడిగించగలిగితే అంతకు మించిన ప్రచారం ఉండదని తయారీదారులు గ్రహించారు.

1963లో బోస్టన్ మారథాన్‌లో అబెబె చాలా దూరం ముందంజలో ఉండి, చివరి భాగంలో చలిగాలికి కాళ్ళు పట్టేయడంతో వెనుకబడి అయిదవ స్థానంతో సరిపెట్టుకున్నాడు. విదేశాలలో పూర్తిచేసిన మారథాన్లలో ఇతడు ఓడినది ఇదొక్కటే.

టోక్యో ఒలింపిక్స్ (1964)

టోక్యో పోటీకి సుమారు అయిదు వారాల ముందు, 1964 సెప్టెంబరు 16న, అబెబెకు అపెండిసైటిస్ శస్త్రచికిత్స జరిగింది. పోటీలో పాల్గొనడమే అనుమానంగా ఉన్న పరిస్థితిలో ఇతడు జపాన్ చేరుకున్నాడు.

అక్టోబరు 21న జరిగిన పరుగులో అబెబె తెల్లని పూమా బూట్లు, మేజోళ్ళు ధరించాడు. మొదట ఇతరులను ముందుకు పోనిచ్చి, సగం దూరానికల్లా ఒంటరిగా ముందుకు సాగిపోయాడు. 2 గంటల 12 నిమిషాల 11.2 సెకన్లలో పరుగు ముగించి, ఇంగ్లాండుకు చెందిన బేసిల్ హీట్లీ అదే ఏడాది నెలకొల్పిన 2:13:55 సమయాన్ని అధిగమించాడు. గమ్యం చేరిన తరువాత పడిపోకుండా, మైదానం మధ్యలోని పచ్చికపై వ్యాయామాలు చేస్తూ కనిపించడం ప్రేక్షకులను ఆశ్చర్యపరచింది. నాలుగు నిమిషాల తరువాత గాని రెండవ వ్యక్తి గమ్యం చేరలేదు. జపాన్ క్రీడాకారుడు కోకిచి త్సుబురాయా రెండవ స్థానంలో స్టేడియంలోకి ప్రవేశించినా, చివరి మలుపులో హీట్లీ అతనిని దాటి రజతపతకం పొందాడు.

రెండు పరుగుల పోలిక

రోమ్, టోక్యో పరుగుల మధ్య తేడా 3 నిమిషాల 5 సెకన్లు. అనగా సుమారు 2.3 శాతం. ఈ తేడాను చూపించి బూట్లే వేగాన్ని పెంచాయని వాదించినవారు ఉన్నారు. రోమ్ విజయాన్ని చూపించి బూట్లు అనవసరమని వాదించినవారూ ఉన్నారు. రెండు వాదనలకూ అబెబె పరుగులు తగిన ఆధారం కావు. రోమ్‌లో దారి కొంతమేర పాతకాలపు రాళ్ళు పరచినది, కాలం వేసవి చివర. పైగా చివరి వరకు ప్రత్యర్థిని కనిపెట్టుకొని సాగిన పరుగు అది. టోక్యోలో దారి తారు రోడ్డు, వాతావరణం చల్లన. పైగా అప్పటికి అబెబెకు నాలుగేళ్ళ అనుభవం అదనంగా వచ్చింది. ఇన్ని తేడాల మధ్య బూట్ల వాటా ఇంత అని విడదీయడం సాధ్యం కాదు.

1960లలో పోటీ బూట్ల నిర్మాణం కూడా గమనించదగినది. వాటి పైభాగం పలుచని తోలు లేదా గుడ్డ, అడుగుభాగం పలుచని రబ్బరు. పాదానికి, నేలకు మధ్య మెత్తని ఫోమ్ పొర ఉండేది కాదు. ఆ బూట్లు అరికాలిని రాళ్ళ నుండి, రాపిడి నుండి కాపాడేవే గాని తాకిడిని పెద్దగా తగ్గించేవి కావు.

పరుగులో ప్రతి అడుగుకు పాదంపై శరీర బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. ఈ తాకిడిని తట్టుకొనేందుకు కాలి కండరాలు కొంత శక్తిని ఖర్చు చేస్తాయి. మెత్తని పొర ఆ పనిలో కొంత భాగాన్ని తాను తీసుకుంటుంది. అయితే బూటుకు బరువు ఉంటుంది. ఒక్కొక్క బూటు బరువు 100 గ్రాములు పెరిగితే పరుగుకయ్యే శక్తి సుమారు ఒక శాతం పెరుగుతుందని పరిశోధకులు లెక్కించారు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో రోజర్ క్రామ్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధనలో, తేలికైన మెత్తని బూట్లతో పోల్చినప్పుడు ఉత్తకాళ్ళ పరుగుకు శక్తి పొదుపు ఏమీ కనిపించలేదు. బరువు లేకపోవడం వలన కలిగే లాభం, మెత్తదనం లేకపోవడం వలన కలిగే నష్టంతో సరిపోతున్నదని వారు వివరించారు. అదే బృందం 2014లో, నడిచే యంత్రపు పట్టీపై 10 మిల్లీమీటర్ల ఫోమ్ పరచి ఉత్తకాళ్ళతో పరుగెత్తించగా శక్తి ఖర్చు సుమారు 1.6 శాతం తగ్గిందని తెలిపింది.

ఉత్తకాళ్ళతో పరుగెత్తేవారి పాదంలోనే కొంత మెత్తదనం ఏర్పాటై ఉంటుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ లీబెర్‌మన్ బృందం 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, చిన్ననాటి నుండి బూట్లు లేకుండా పరుగెత్తేవారిలో చాలామంది మడమకు బదులు పాదం ముందుభాగాన్ని మొదట నేలకు ఆనిస్తారు. అప్పుడు పాదపు వంపు, పిక్క కండరం, మడమ వెనుక నరం స్ప్రింగు వలె పనిచేసి తాకిడిని తగ్గిస్తాయి. కనుక పలుచని బూట్ల కాలంలో, అలవాటైన ఉత్తకాళ్ళు అబెబెకు లోటు కాలేదని చెప్పవచ్చును.

మెక్సికో ఒలింపిక్స్, ప్రమాదం

1968లో మెక్సికో సిటీలో వరుసగా మూడవసారి గెలవాలన్న ఆశతో అబెబె బరిలోకి దిగాడు. అప్పటికే కాలి గాయంతో బాధపడుతుండడం వలన సుమారు 17 కిలోమీటర్ల వద్ద పరుగు విరమించాడు. అతని సహచరుడు, ఇథియోపియాకే చెందిన మామో వోల్డె ఆ పరుగును గెలిచి, దేశానికి వరుసగా మూడవ స్వర్ణపతకాన్ని అందించాడు.

1969 మార్చి 22 రాత్రి అడిస్ అబాబాకు ఉత్తరాన అబెబె నడుపుతున్న కారు బోల్తాపడింది. మరునాటి ఉదయం వరకు ఇతడు కారులోనే చిక్కుకొని ఉన్నాడు. వెన్నుపాము దెబ్బతినడంతో మొదట కాళ్ళు, చేతులు కూడా చచ్చుబడ్డాయి. ఇంగ్లాండులోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో కొన్ని నెలలపాటు చికిత్స జరిగింది. చేతులలో శక్తి తిరిగి వచ్చినది గాని, కాళ్ళు మాత్రం స్వాధీనంలోకి రాలేదు. ప్రపంచంలోకెల్లా వేగంగా మారథాన్ పరుగెత్తిన కాళ్ళకు 36 ఏళ్ళ వయసులోనే నడక కూడా దూరమయింది.

అయినా అబెబె క్రీడలను విడువలేదు. 1970లో స్టోక్ మాండెవిల్ క్రీడలలో చక్రాల కుర్చీలో కూర్చొని విలువిద్య, టేబుల్ టెన్నిస్ పోటీలలో పాల్గొన్నాడు. పారాలింపిక్ ఉద్యమానికి మూలమైన క్రీడలివే. 1971లో నార్వేలో వికలాంగుల కొరకు జరిగిన మంచుబండి పందెంలో విజయం సాధించాడు.

చివరి రోజులు

1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలకు అబెబె ప్రత్యేక అతిథిగా హాజరయ్యాడు. ప్రేక్షకులు లేచి నిలబడి ఇతనికి గౌరవం చూపారు. మారథాన్ విజేత, అమెరికాకు చెందిన ఫ్రాంక్ షార్టర్ పతకం స్వీకరించిన తరువాత వచ్చి ఇతనితో కరచాలనం చేశాడు.

1973 అక్టోబరు 25న మెదడులో రక్తస్రావం వలన అబెబె అడిస్ అబాబాలో మరణించాడు. అప్పటికి ఇతని వయస్సు 41 సంవత్సరాలు. ప్రభుత్వ లాంఛనాలతో జరిగిన అంత్యక్రియలకు చక్రవర్తి హైలీ సెలాసీతో పాటు వేలాది ప్రజలు తరలివచ్చారు. ఇతనికి భార్య యెవెబ్దర్, నలుగురు సంతానం ఉన్నారు.

తరువాతి కాలపు బూట్లు

అబెబె మరణించిన తరువాత పరుగు బూట్ల నిర్మాణం పూర్తిగా మారిపోయింది. 1970ల మధ్యలో ఈవీఏ అనే తేలికైన ఫోమ్ పొర వాడుకలోకి వచ్చింది. ఆ దశాబ్దం చివర నైకీ సంస్థ అడుగున గాలి నింపిన సంచులను, 1980లలో ఆసిక్స్ సంస్థ జెల్‌ను ప్రవేశపెట్టాయి. ఒనిట్సుకా స్థాపించిన సంస్థే 1977లో ఆసిక్స్‌గా మారింది.

2017లో నైకీ విడుదల చేసిన వేపర్‌ఫ్లై బూటుతో పెద్ద మార్పు వచ్చింది. ఇందులో మందమైన, అతి తేలికైన ఫోమ్ మధ్య కార్బన్ పలకను అమర్చారు. క్రామ్ బృందం పరీక్షలలో ఈ ఫోమ్ నొక్కినప్పుడు గ్రహించిన శక్తిలో 87 శాతాన్ని తిరిగి ఇవ్వగా, పోల్చి చూసిన మరి రెండు పోటీ బూట్లు 76, 66 శాతం మాత్రమే ఇచ్చాయి. పరుగుకయ్యే శక్తి సగటున 4 శాతం తగ్గింది. మెత్తదనం అంతకు ముందు తాకిడిని తగ్గించే సాధనం మాత్రమే. ఇప్పుడది శక్తిని తిరిగి ఇచ్చే సాధనంగా మారింది. మెత్తదనం పెరిగితే బరువు పెరుగుతుందన్న పాత చిక్కు కూడా చాలావరకు తీరిపోయింది. 2023లో షికాగోలో కెన్యాకు చెందిన కెల్విన్ కిప్టుమ్ 2:00:35 సమయం నమోదు చేసినది ఇటువంటి బూట్లతోనే.

ఈ బూట్లు పోటీలో సమానత్వాన్ని దెబ్బతీస్తున్నాయన్న విమర్శలు రావడంతో ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య 2020లో నియమాలు విధించింది. రోడ్డు పరుగు బూటు అడుగు మందం 40 మిల్లీమీటర్లకు మించరాదని, ఒకటి కంటే ఎక్కువ పలకలు ఉండరాదని నిర్ణయించింది. 2021లో వియన్నా మారథాన్‌లో మొదట గమ్యం చేరిన ఇథియోపియా క్రీడాకారుడు డెరారా హురీసా, 50 మిల్లీమీటర్ల మందం గల బూట్లు ధరించిన కారణంగా అనర్హుడయ్యాడు. ఏ మందమూ లేని పాదాలతో అబెబె గెలిచిన 61 సంవత్సరాలకు అదే దేశస్థుడు 10 మిల్లీమీటర్ల మందం ఎక్కువై విజయాన్ని కోల్పోయాడు.

భారతదేశంలో కూడా ఉత్తకాళ్ళ పరుగుకు పేరు పొందిన శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2:12:00 సమయంతో నెలకొల్పిన జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా నిలిచింది.

గుర్తింపు

అడిస్ అబాబాలో ఒక స్టేడియానికి అబెబె పేరు పెట్టారు. 2010లో ఇటలీకి చెందిన వైబ్రమ్ సంస్థ ఉత్తకాళ్ళ అనుభూతినిచ్చే బూట్లకు బికిలా అని పేరు పెట్టగా, అనుమతి లేకుండా ఆ పేరు వాడారని కుటుంబ సభ్యులు అమెరికా న్యాయస్థానంలో దావా వేశారు. వ్యాజ్యం ఆలస్యంగా వేసినందున 2016లో అది కొట్టివేయబడింది. రోమ్ విజయానికి 50 ఏళ్ళు నిండిన సందర్భంగా 2010 రోమ్ మారథాన్‌లో విజేత, ఇథియోపియాకు చెందిన సిరాజ్ గెనా చివరి కొన్నివందల మీటర్లు బూట్లు విడిచి ఉత్తకాళ్ళతో పరుగెత్తి అబెబెకు నివాళి అర్పించాడు.

ముఖ్యమైన మారథాన్ పరుగులు

1960 - రోమ్ ఒలింపిక్స్ - ప్రథమ స్థానం - 2:15:16.2 (ఉత్తకాళ్ళతో)
1961 - ఏథెన్స్ - ప్రథమ స్థానం (ఉత్తకాళ్ళతో)
1961 - ఒసాకా - ప్రథమ స్థానం
1961 - కోషిత్సె - ప్రథమ స్థానం
1963 - బోస్టన్ - అయిదవ స్థానం - 2:24:43
1964 - టోక్యో ఒలింపిక్స్ - ప్రథమ స్థానం - 2:12:11.2 (బూట్లతో)
1965 - ఒట్సు, జపాన్ - ప్రథమ స్థానం
1966 - సియోల్ - ప్రథమ స్థానం
1968 - మెక్సికో ఒలింపిక్స్ - గాయం వలన విరమణ